చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్ కథేంటి? రోడ్డు మధ్యలో ఆ ఫౌంటెన్ ఎందుకుంది?

భీమవరం_టు_కూకట్‌పల్లి:

అందరికీ నమస్కారం. మాది భీమవరం, ఉద్యోగం వల్ల కూకట్‌పల్లిలో ఉంటున్నాం. చెల్లి పెళ్ళికి వెండి సామాను, ముత్యాలు చూద్దామని అమ్మనీ పిన్నినీ తీసుకుని పాతబస్తీ వెళ్ళా. మదీనా దగ్గర ఆటో దిగి పత్తర్‌గట్టి మీదుగా చార్మినార్ వైపు నడుస్తుంటే ఒక పెద్ద కమాను వచ్చింది, అది దాటగానే రెండు పక్కలా నగల షాపులు, ఇంకాస్త ముందుకెళ్తే రోడ్డుకి సరిగ్గా నడిమధ్యలో చిన్న ఫౌంటెన్, ఆటోలూ బైకులూ తోపుడు బళ్ళూ అన్నీ దాన్ని చుట్టుకునే పోతున్నాయి. షాపాయన్ని అడిగితే ఇదేనండీ గుల్జార్ హౌజ్ అన్నాడు. 2025 మే 18న అక్కడ అగ్నిప్రమాదం జరిగి 17 మంది పోయినప్పుడు టీవీలో రోజంతా విన్న పేరు అది, అందులో చిన్నపిల్లలు కూడా ఉన్నారని విని ఆ రోజు ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

ఆ షాపాయనే ఇంకో మాట చెప్పాడు, ఇది చార్మినార్ కట్టిన రోజులదేనండీ, దీని పక్కన నిలబడి నాలుగు వైపులా చూడండి నాలుగు కమాన్లు కనిపిస్తాయి అని. చూస్తే నిజమే, ఇంకో మూడు కమాన్లు ఉన్నాయి, కాకపోతే బోర్డులూ వైర్లూ అడ్డమొచ్చి సగం సగమే కనపడ్డాయి. అప్పట్నుంచీ బుర్రలో అదే తిరుగుతోంది. ఇది ఎవరు కట్టించారు, జనం తాగే నీళ్ళ కోసమా లేక ఊరికే అందానికా, చార్మినార్ అంత పెద్ద కట్టడం పక్కనే పెట్టుకుని ఇక్కడ ఈ హౌజు ఎందుకు కట్టాల్సొచ్చింది, మోటార్లు లేని రోజుల్లో నీళ్ళు పైకి ఎలా చిమ్మేవి? గూగుల్ చేస్తే ప్రతిచోటా అవే నాలుగు లైన్లు వస్తున్నాయి. తెలిసినవాళ్ళు కాస్త ఓపిగ్గా చెప్పండి ప్లీజ్.

ఘాన్సీబజార్_పిలగాడు:

అన్నా, మంచి ప్రశ్న అడిగినవ్. నేను పుట్టింది పెరిగింది ఘాన్సీబజార్‌లనే, మా ఇంటికాడికెళ్లి గుల్జార్ హౌజ్ నడిస్తే దగ్గర్నే. చరిత్ర సంగతి సదువుకున్నోళ్లు చెప్తరు, నేనైతే ముందుగాల ఆ జాగ ఎట్లుంటదో చెప్త, అది సమజైతే మిగతాదంత ఆల్కగ సమజైతది.

నువ్వు మదీనా దిక్కుకెళ్లి వచ్చినవ్ గదా, నువ్వు దాటిన మొదటి కమాను మఛ్లీ కమాన్, అది ఉత్తరం దిక్కుది. హౌజ్ కాడ నిలబడి సీదా ముంగటికి చూస్తె చార్మినార్ దిక్కు ఉన్నది చార్మినార్ కమాన్, దక్షిణం. తూర్పుకు కాలీ కమాన్. పడమటికి షేర్-ఎ-బాతిల్ కమాన్, దాని కిందికెళ్లి పోతె మిట్టీ కా షేర్, మా ఘాన్సీబజార్ వస్తయి. నాలుగింటినీ కలిపి చార్ కమాన్ అంటరు. ఒక్కొక్కటి దగ్గర దగ్గర 60 అడుగుల ఎత్తు ఉంటది, నాలుగిటికీ నడిమిట్ల ఈ హౌజ్. చార్మినార్‌ను చూసెటందుకు ఉరుకుతరు గని జనం, ఈడ ఒక్క నిమిషం ఆగి నాలుగు దిక్కుల చూసెటోడు వెయ్యి మందిల ఒక్కడు గుడ ఉండడు, నువ్వు ఆగి చూసినవ్ అని సదివి నాకు మస్తు ఖుష్ అయింది.

పాతోళ్లు దీన్ని చార్ సూ కా హౌజ్ అంటుండె, అంటె నాలుగు దిక్కుల హౌజు, హౌజంటె నీళ్ల తొట్టి. గుల్జార్ హౌజ్ అన్న పేరు తర్వాత వచ్చి నిలబడ్డది. ముందుగాల ఇది ఇంతకంటె మస్తు పెద్దగుండేదని మా బస్తీల పెద్దమనుషులు అందరు చెప్తరు.

ఇంకోటి చెప్పాలె. మా ఊర్ల పెద్ద జులూసు ఏది తీసినా ఈ హౌజ్ పక్కకెళ్లే పోతది. మొహర్రం పదో దినం బీబీ కా ఆలం, అంటె పీరు, ఏనుగు మీద డబీర్‌పురాకెళ్లి బయల్దేరి చార్మినార్, గుల్జార్ హౌజ్ మీదికెళ్లి చాదర్‌ఘాట్ పోతది. బోనాలప్పుడు అక్కన్న మాదన్న గుడి ఘటం, అది గుడ ఏనుగు మీదనే, ఇదే తొవ్వల నయాపూల్ దాక పోతది. గణేశ్ నిమజ్జనం దినం బాలాపూర్ గణపతి టాంక్‌బండ్ పొయ్యేది ఈడికెళ్లే. నా చిన్నప్పుడు మా నాయన నన్ను భుజాల మీద ఎక్కించుకొని మూడు గుడ ఈ హౌజ్ పక్కన నిలబడే చూపెట్టిండు. ఏనుగు హౌజ్ దగ్గరికి వచ్చినప్పుడు నడక నెమ్మదిస్తది, తొవ్వ ఆడ వంకర తిరుగుతది గదా, గప్పుడు మావటి కాలి వేళ్లతోని దాని చెవుల ఎనకాల నొక్కుకుంట మలుపుతడు, అది చూడాలె నువ్వు.

పాత_కాగితాలు:

పైన తమ్ముడు స్థలం బాగా చెప్పారు, నేను కాలం సంగతి చెప్తాను. నేను చరిత్ర లెక్చరర్‌గా చేసి రిటైర్ అయ్యాను, ఈ ఊరి గురించి ఎవరైనా ఇంత ఇష్టంగా అడిగితే చెప్పకుండా ఉండలేను.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోండి, ఇవాళ మనం దాన్ని "రోడ్డు మధ్యలో ఫౌంటెన్" అంటున్నాం గానీ కట్టినప్పుడు అక్కడ రోడ్డు కాదు ఉన్నది. గోల్కొండ కోటలో జనం కిక్కిరిసిపోయి నీళ్ళకి కటకట అయ్యాక ముహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీకి దక్షిణాన కొత్త నగరం వేయించాడు, 1591లో, అంటే హిజ్రీ 1000 సంవత్సరంలో చార్మినార్ కట్టారు. ఆ నగరం ప్లాను వేసింది మీర్ మోమిన్ అస్తరాబాదీ, ఇరాన్ నుంచి వచ్చి కులీ కుతుబ్ షాకి పేష్వా, అంటే ప్రధానమంత్రి, అయిన పండితుడు. ఆయన వేయించిన శ్మశానవాటిక దాయిరా మీర్ మోమిన్ ఇప్పటికీ పాతబస్తీలో ఉంది, ఆయన సమాధీ అందులోనే. చార్మినార్ అయిన మరుసటి ఏడే, 1592 ప్రాంతంలో, దానికి ఉత్తరాన కాస్త దూరంలో చార్ కమాన్ లేచాయి, మధ్యలో హౌజు తవ్వించారు.

ఆ నాలుగు కమాన్ల మధ్య ఉన్న ఖాళీ జాగా పేరు జిలూ ఖానా. అది రాజుగారి ప్యాలెస్‌కి ముందుండే పెద్ద ముంగిలి, సైన్యం వరసలు తీరేది అక్కడ, దర్బారుకి వచ్చిన అమీర్లు గుర్రాలూ ఏనుగులూ దిగేది అక్కడ. పడమటి కమాను, అదే షేర్-ఎ-బాతిల్, రాజమహళ్ళకి అంటే దౌలత్ ఖానాకి వెళ్ళే వాకిలి, దానికి జరీ పరదా వేలాడేదని చెప్తారు. తూర్పున ఉన్న కాలీ కమాన్ మీద నౌబత్ మోగేది, నగారాలు అక్కడి నుంచే. ఇప్పుడు ఊహించుకోండి, నాలుగు వైపులా అరవై అడుగుల కమాన్లు, మధ్యలో బండ పరిచిన మైదానం, ఆ మైదానం నడిబొడ్డున నీళ్ళు. ఎండలో దూరం నుంచి వచ్చిన మనిషికి కానీ గుర్రానికి కానీ ముందు కావాల్సింది ఏంటి? కాబట్టి మీరు అడిగిన "తాగడానికా అందానికా" అన్నదానికి నా జవాబు, ఇరానీ పద్ధతిలో ఆ రెండూ వేరు వేరు కావు. మసీదు ముందు హౌజు ఉంటుంది, తోట మధ్యలో ఉంటుంది, రాజద్వారం ముందు ఉంటుంది, చల్లదనం కోసం, కాళ్ళూ చేతులూ కడుక్కోడానికి, చూసేవాళ్ళకి ఈ ఊరు నీళ్ళున్న ఊరు అని చెప్పడానికి.

ఇక్కడ మనవాళ్ళు ఎవరూ పెద్దగా పట్టించుకోని మాట ఒకటుంది. ఇరాన్‌లో ఇస్ఫహాన్ నగరంలో నఖ్ష్-ఎ-జహాన్ అనే మైదానం ఉంది, ప్రపంచం అంతా వెళ్ళి చూసేది, షా అబ్బాస్ దాన్ని మొదలుపెట్టింది 1598లో. మన చార్ కమాన్ దానికంటే ముందే అయిపోయాయి. ఇరాన్ నుంచి వచ్చిన మనిషి బుర్రలో ఉన్న ఆలోచన మన దక్కన్ రాయీ సున్నంతో ముందు రూపం తీసుకుంది, ఇది ఎంత గొప్ప సంగతో మన పిల్లల పాఠాల్లో ఒక్క ముక్క కూడా ఉండదు, నాకు బాధ అక్కడే.

మరి మహళ్ళు ఏమయ్యాయి అంటే, 1685లో మొఘల్ సైన్యం ఔరంగజేబు కొడుకు షా ఆలంతో హైదరాబాద్ మీద పడింది, తానీషా అబుల్ హసన్ గోల్కొండ కోటలోకి వెళ్ళిపోయాడు, ఊరు లూటీ అయింది. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండ కూడా పోయింది. తర్వాత మహళ్ళని చూసుకునే దిక్కు లేదు. ఆసఫ్ జాహీలు, అంటే నిజాములు, ఔరంగాబాద్ నుంచి రాజధానిని 1763లో హైదరాబాద్‌కి తెచ్చినా వాళ్ళ కేంద్రం చౌమహల్లా వైపు పోయింది. దౌలత్ ఖానా స్థలంలో నెమ్మదిగా ఇళ్ళూ గల్లీలూ బజార్లూ వచ్చేశాయి. ముంగిలి మిగిలింది, ఇల్లు లేదు. ఇవాళ మీకు ఆ హౌజు ఒంటరిగా, ఎందుకుందో తెలియకుండా కనిపించడానికి కారణం అదే.

మీరు భీమవరం అన్నారు కాబట్టి ఇంకొక్క మాట. చార్మినార్ దగ్గర తూర్పు పడమరలుగా సాగే దారి గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకి పోయే దారి. వజ్రాలు, కలంకారీ బట్టలు, పర్షియా గుర్రాలు, అన్నీ ఆ రేవుతో ముడిపడినవే, 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ కొట్లు పెట్టుకుంది కూడా దానికే. మీ కోస్తా రేవు సొమ్మే ఈ కమాన్లని నిలబెట్టిందంటే అందులో అబద్ధం ఏమీ లేదు.

భీమవరం_టు_కూకట్‌పల్లి:

మాస్టారూ చాలా థాంక్సండీ, మచిలీపట్నం మాట అమ్మకి చదివి వినిపిస్తే మా అమ్మమ్మగారి ఊరు బందరు దగ్గరే కదా అని తెగ సంబరపడిపోయింది. జిలూ ఖానా అన్న మాటతో నాకు సగం తేలిపోయింది, అంటే ఆ నగల షాపులన్నీ ఒకప్పటి ప్యాలెస్ ముందు మైదానంలో ఉన్నట్టు అన్నమాట. తమ్ముడూ, ఏనుగుల సంగతి రాశావు చూడు, ఈసారి బోనాలకి కచ్చితంగా వస్తాం. కానీ నీళ్ళ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు, మోటారు లేకుండా ఫౌంటెన్ అంటే నాకు ఊహకి అందట్లేదు.

నీటిపారుదల_రిటైర్డ్:

నీళ్ళ సంగతి నేను చెప్తాను, నా సర్వీసంతా కాలవలూ తూములూ గేట్లతోనే గడిచింది.

ఫౌంటెన్‌కి మోటారు అక్కర్లేదమ్మా, ఎత్తు కావాలి. మేస్త్రీలు గోడ లెవెల్ చూసుకోడానికి నీళ్ళు నింపిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం వాడతారు చూశారా, ఒక చివర ఎత్తితే రెండో చివర నీళ్ళు కూడా అంత ఎత్తుకి వచ్చి ఆగుతాయి, ఇదీ అంతే. ఎక్కడో ఎత్తున చెరువో తొట్టో ఉంటుంది, అక్కడి నుంచి నేల కింద మూసిన గొట్టాల్లో నీళ్ళు దిగి వస్తాయి, ఫౌంటెన్ మూతి దగ్గర దారి దొరకగానే తాను దిగి వచ్చిన ఎత్తుకి మళ్ళీ లేవాలని చూస్తాయి. గొట్టం లోపల రాపిడికి కొంత, గాలి తోపుడుకి కొంత పోను మిగిలిన ఎత్తుకి చిమ్ముతాయి. మూతి సన్నగా చేస్తే తక్కువ నీళ్ళతో సన్నటి ధార ఎక్కువసేపు వస్తుంది, వెడల్పు చేస్తే నీళ్ళు ఊరికే పొంగి కారిపోతాయి. రాత్రీ పగలూ నడపాలంటే వెనకాల నీళ్ళు ఉండాలి, అంతే.

ఇక హైదరాబాద్ నేల వాలు చూడండి, పాతబస్తీకి దక్షిణాన ఫలక్‌నుమా గుట్ట, ఉత్తరాన మూసీ. నేల దక్షిణం నుంచి మూసీ వైపు దిగుతూ వస్తుంది. గుల్జార్ హౌజ్ ఆ వాలులో దిగువన ఉంది. అంటే పైనుంచి నీళ్ళు దానంతట అవే రావడానికి భూమే అనుకూలంగా ఉంది, ప్లాను వేసినవాడు చార్మినార్‌కి ఉత్తరాన దిగువ వైపు ఈ హౌజు పెట్టడంలో ఆ లెక్క లేదని నేను అనుకోను.

అసలు కుతుబ్ షాహీలకి నీళ్ళ పని కొత్త కాదు. 1562లో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో హుస్సేన్ షా వలీ హుస్సేన్ సాగర్ తవ్వించాడు. గోల్కొండకి దుర్గం చెరువు నీళ్ళు, కోటలో కటోరా హౌజ్, కింద నుంచి కొండ మీదకి అంచెలంచెలుగా పర్షియన్ వీల్‌తో నీళ్ళు తోడి తొట్లలో పోసి, అక్కడి నుంచి మళ్ళీ గొట్టాల్లో దింపేవాళ్ళు. మీరు గోల్కొండ వెళ్తే గోడలు విరిగిన చోట కాస్త ఆగి చూడండి, గోడ మందంలో కాల్చిన మట్టి గొట్టాలు బయటపడి కనిపిస్తాయి. ఒకదాని సన్న మూతి రెండోదాని వెడల్పు మూతిలోకి దూరి ఉంటుంది, సందులో గచ్చు దట్టించి బిగించారు. చేత్తో తడిమితే లోపలి వైపు నున్నగా తగులుతుంది, బయట కుమ్మరి వేళ్ళ గీతలు కూడా కొన్నిచోట్ల ఉంటాయి. నాలుగు వందల ఏళ్ళ కిందటి ప్లంబింగ్ అది, నేను సర్వీసులో ఉండగా వేసిన కొన్ని సిమెంటు పైపులు ఇరవై ఏళ్ళు కూడా ఆగలేదు.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. తెవెనో అనే ఫ్రెంచి యాత్రికుడు 1660ల్లో గోల్కొండ రాజ్యానికి వచ్చి చార్మినార్ గురించి రాస్తూ, ఆ కట్టడంలో ఉన్న అంతస్తులన్నీ నీళ్ళు పైకి ఎక్కించడానికేననీ, అక్కడి నుంచి రాజుగారి ప్యాలెస్‌లో పై అంతస్తుల దాకా నీళ్ళు వెళ్ళేవనీ రాశాడు. అంటే చార్మినార్‌ని మనం ఇవాళ ఫొటోలు దిగే గోపురంగా చూస్తున్నాం గానీ ఆయన కంటికి అది వాటర్ ట్యాంకు పనీ చేసింది. ప్యాలెస్ ఉన్నది ఎక్కడ, పైన మాస్టారు చెప్పిన షేర్-ఎ-బాతిల్ వెనకాల. మధ్యలో ఉన్నది ఈ హౌజు. చార్మినార్, హౌజు, మహళ్ళు అన్నీ ఒకే నీళ్ళ ఏర్పాటులో భాగాలని నా నమ్మకం. చార్మినార్ కింద నేల మీద మధ్యలో కూడా ఒక చిన్న ఫౌంటెన్ తొట్టి ఉంటుంది, చాలామంది దాన్ని దాటుకుని మెట్లెక్కేస్తారు, ఈసారి వెళ్ళినప్పుడు అదీ చూడండి.

తర్వాతి కాలం నీళ్ళ సంగతి క్లుప్తంగా చెప్తా. 1800ల మొదట్లో మీర్ ఆలం చెరువు కట్టారు, 21 అర్ధచంద్రాకారపు ఆర్చీలతో ఉన్న ఆ ఆనకట్ట ఇంజనీర్లు వెళ్ళి దండం పెట్టుకోవాల్సిన కట్టడం, పాత ఊరికి తాగునీళ్ళు దాని నుంచే వచ్చేవి. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వచ్చి వేల మంది కొట్టుకుపోయారు, దాని తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించడం, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తవడం, ఇళ్ళకి కుళాయిలు రావడం జరిగాయి. కుళాయి వచ్చాక హౌజు దగ్గరకి నీళ్ళకి వచ్చేవాడు ఉండడు కదా, తోలు సంచీలు మోసే భిస్తీలు కూడా పోయారు. ఏ ఊళ్ళోనైనా ఇదే జరుగుతుంది, నీళ్ళ పని పోగానే తొట్టి బొమ్మయిపోతుంది.

రోజూ_ఫలక్‌నుమా:

అందరూ బాగా రాశారు కానీ నేను కొంచెం కఠినంగా మాట్లాడతా, ఏమీ అనుకోకండి. నేను ఫలక్‌నుమా నుంచి అఫ్జల్‌గంజ్ దాకా రోజూ ఆ దారిలో వెళ్ళేవాణ్ణి, చార్మినార్ చుట్టూ బండ్లు ఆపేశాక ఆ గుల్జార్ హౌజ్ దగ్గర ఎంత నరకమో మీకు తెలీదు, మదీనా నుంచి వచ్చే బండి ప్రతిదీ అక్కడికి వచ్చి పక్కకి తిరగాల్సిందే, షాపులకి వచ్చే కార్లు, సామాను దించే ట్రాలీలు, పండగ రోజుల్లో అయితే నడవడానికి కూడా చోటుండదు. ఆ అగ్నిప్రమాదం రోజు కూడా లోపలికి వెళ్ళే దారి ఎంత ఇరుకో అందరూ చూశాం. చరిత్ర అంటే నాకూ గౌరవమే, కానీ మనుషుల ప్రాణాల కంటే ఎక్కువా? ఫౌంటెన్ తీసి మ్యూజియంలో పెట్టి ఆ జంక్షన్ ఫ్రీ చేస్తే ఏం పోతుంది?

ఘాన్సీబజార్_పిలగాడు:

అన్నా నీ తక్లీఫ్ నిజమే, నేను గుడ ఆడనే ఉంట గదా, అంబులెన్స్ ఇరుక్కుంటె మేమే ముంగటికి ఉరికి బండ్లు జరుపుతం. ఆ మంటల పొద్దు మా గల్లీ పోరగాళ్లు ఎంతమంది ఉరికిన్రో నాకెరుక. గని ప్రాణాలు పోయింది హౌజ్ వల్ల గాదు అన్నా. ఇరుకు మెట్లు, లోపలికి పొయ్యెటందుకు ఒకటే తొవ్వ, పాత వైరింగ్, గవి మార్చాలె. హౌజ్ తీసేస్తె ఏమైతది, ఆ జాగల ఇంకో నాలుగు బండ్లు పార్కింగ్ పెడ్తరు, గంతే. మా బస్తీల ఎన్నో దేవిడీలు, అంటె నవాబుల పాత బంగ్లాలు, గట్లనే పోయినయ్, ఒక్కదాని జాగ గుడ ఖాళీ ఉండలె, కాంప్లెక్స్ లేచింది.

పాత_కాగితాలు:

ఫలక్‌నుమా సోదరా, మీ కోపం నాకు అర్థమైంది, అది న్యాయమైన కోపమే. కానీ మ్యూజియంలో పెట్టడం అన్నదానికి మాత్రం ఒప్పుకోలేను. ఆ హౌజు గొప్పతనం దాని రాళ్ళలో లేదు, ఆ రాళ్ళు చాలాసార్లు మారాయి, రిపేర్లు ఎన్నో జరిగాయి. దాని గొప్పతనం అది ఉన్న చోటులో ఉంది. నాలుగు కమాన్లకీ మధ్యబిందువు అది, అక్కడి నుంచి ఒక్క పది గజాలు జరిపినా ఆ లెక్క పోతుంది. హౌజు తీసేస్తే ఆ నాలుగు కమాన్లూ ఎవరికి వారే నాలుగు పాత గేట్లుగా మిగిలిపోతాయి, వాటిని ఒకదానితో ఒకటి కలిపే వస్తువు ఆ ఊళ్ళో ఇదొక్కటే మిగిలింది. మహళ్ళు పోయాయి, జిలూ ఖానా పోయింది, నౌబత్ పోయింది. ఇది కూడా పోతే మీర్ మోమిన్ వేసిన గీత ఎక్కడుందో పిల్లలకి వేలు పెట్టి చూపించడానికి ఏమీ ఉండదు.

ట్రాఫిక్‌కి దారి లేదా అంటే ఉంది. 1908 వరద తర్వాత సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది, 1912లో. పత్తర్‌గట్టిలో రాతి వరండాలతో ఉన్న ఆ షాపుల వరస వాళ్ళు కట్టించిందే, మీరు మదీనా నుంచి నీడలో నడిచి వచ్చేది దాని కిందే. రోడ్డు వెడల్పు చేశారు, నడిచేవాళ్ళకి నీడ ఇచ్చారు, చార్ కమాన్లనీ హౌజునీ మాత్రం ముట్టుకోలేదు. వందేళ్ళ కిందట వాళ్ళకి చేతనైంది ఇవాళ మనకెందుకు చేతకాదు? చార్మినార్ చుట్టూ బండ్లు ఆపి నడకదారి చేశారు కదా, అదే నడకదారిని మఛ్లీ కమాన్ దాకా పొడిగిస్తే హౌజు చుట్టూ బండ్లే ఉండవు, ఫైరింజనుకి దారీ ఖాళీగా ఉంటుంది. షాపుల సామానుకి రాత్రి టైము ఇవ్వొచ్చు. కష్టమే, కానీ కూలగొట్టడం కంటే ఇది మంచి పని.

రోజూ_ఫలక్‌నుమా:

మఛ్లీ కమాన్ దాకా నడకదారి అంటే నేను సంతకం పెడతా మాస్టారూ, కాకపోతే నాలాంటి వాళ్ళకి అవతల నుంచి వెళ్ళే దారి ముందు బాగు చెయ్యాలి, అది చెయ్యకుండా ఇది మూస్తే మా పని మళ్ళీ మొదటికే.

ముత్యాల_కోడలు:

నేను గుల్జార్ హౌజ్ దగ్గరే నగల వ్యాపారం చేసే ఇంటి కోడల్ని, మా అత్తగారివాళ్ళు తరాల నుంచి అక్కడే. రోజూ కిటికీలోంచి కనపడేది కాబట్టి మేము దాన్ని అసలు పట్టించుకోమండి, ఈ థ్రెడ్ చదివాక నిన్న పైకెళ్ళి బాల్కనీలోంచి మా ఆయన్ని కూడా పిలిచి నాలుగు కమాన్లూ చూపించా, ఆయన ఇక్కడే పుట్టి కూడా అవి సరిగ్గా నాలుగు దిక్కుల్లో ఉన్నాయని ఎప్పుడూ గమనించలేదట. పండగలప్పుడు ఫౌంటెన్ ఆన్ చేసి లైట్లు వేస్తే పిల్లలు దాని దగ్గర్నుంచి కదలరు. నీళ్ళు పాడైపోయి చెత్త పడి ఉన్న రోజులు కూడా చాలా చూశాం, కవర్లు, టీ కప్పులు, పూలదండలు. శుభ్రం చేసి వెళ్తారు, వారం తిరక్కుండానే మళ్ళీ అంతే. షాపులవాళ్ళం మేమే కొంచెం చూసుకోవాలి, ఎవరి ముందు వాళ్ళు చూసుకున్నా చాలు, మా ఆయన మార్కెట్‌లో మాట్లాడతానన్నారు.

చెల్లి పెళ్ళి అన్నారు కదా, ఇంకోసారి వస్తే ఆదివారం పొద్దున్నే రండి, షాపులు తీసి ఉండవు కాబట్టి కొనడానికి పనికిరాదు గానీ చూడ్డానికి అదే మంచి టైము. ఏడింటికల్లా వచ్చి మఛ్లీ కమాన్ కింద నుంచి లోపలికి నడవండి, కాలీ కమాన్ వైపు నుంచి ఎండ పడుతుంది, బోర్డులు దాటి పైకి చూస్తే కమాను వంపూ పైన గచ్చు పనీ బాగా కనిపిస్తాయి. బండి మాత్రం తేకండి, మెట్రోలో ఎంజీబీఎస్ దాకా వచ్చి అక్కడి నుంచి ఆటోలో మదీనా దగ్గర దిగి నడవడమే సుఖం. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులేమైనా ఉంటే చెప్పండి, మధ్యలో కూర్చోడానికి చోటు ఎక్కడుందో నేను చెప్తా.

భీమవరం_టు_కూకట్‌పల్లి:

అమ్మకి నొప్పులున్నాయండి, చోటు చెప్పండి తప్పకుండా. ఆదివారం వస్తున్నాం, అమ్మా పిన్నీతో పాటు ఈసారి చెల్లీ, కాబోయే బావగారూ కూడా. మాస్టారూ, మీర్ మోమిన్‌గారి దాయిరాకి వెళ్ళాలంటే చార్మినార్ నుంచి ఎటు వెళ్ళాలో, ఆడవాళ్ళని లోపలికి రానిస్తారో లేదో కూడా చెప్తారా?